చివరి వరుసలో ముత్యం బావ

మా బావ ముత్యానికి దేవుడి మీద కంటే రాకెట్ల మీద నమ్మకం ఎక్కువ. మా అక్క యమునను ఆయనకిచ్చి చేసిన కొత్తలో, అల్లుడు తాగడనీ పేకాడడనీ తెలిసి మా అమ్మ పొంగిపోయింది. ఆయనకున్న ఒకే ఒక్క అలవాటు అప్పటికింకా బయటపడలేదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, కంచం ముందేసుకుని, తెలుగులోకి మార్చిన ఇంగ్లీషు అంతరిక్షం సినిమా ఏ చానెల్లో వస్తుందో వెతుక్కుని కూర్చుంటాడు. చూసి ఊరుకుంటే ఫరవాలేదు. చూశాక అభిప్రాయం చెబుతాడు. చెప్పడానికి ఎదురుగా ఒక మనిషి కావాలి. గోదావరిఖని మొత్తం మీద ఆ పనికి దొరికినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు సంపత్. బావ పనిచేసే బాయి మీదే ల్యాంపు రూంలో నా ఉద్యోగం. బొగ్గుగనిని ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. కిందికి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గర ఆగి, టోపీకి తగిలించుకునే దీపం తీసుకుపోవాలి, పైకి ఎక్కాక తిరిగి ఇచ్చిపోవాలి. బావ పని లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం, బోల్టులు బిగించడం. ఆయన దీపం తీసుకునేటప్పుడు ఒక సినిమా మొదలుపెట్టి, తిరిగి ఇచ్చేటప్పుడు ముగించేవాడు. మధ్యలో ఒక షిఫ్టు గడిచిపోయిందన్న సంగతే ఆయనకు పట్టేది కాదు. "గందుకే సంపతూ, ఆ కెప్టెన్ చేసింది తప్పు" అంటూ బొగ్గు మొహంతో కిటికీలో ప్రత్యక్షమయ్యేవాడు. ఏ కెప్టెనో, ఏం తప్పో నేను పొద్దుటి నుంచి గుర్తు తెచ్చుకోవాలి.

నాకు ఆ సినిమాలు నచ్చవు. అది ముందే చెప్పేస్తున్నాను. మనిషి పుట్టి పెరిగిన నేల మీదే సవాలక్ష కష్టాలుంటే, పనిమాలా చుక్కల్లోకి పోయి కొత్త కష్టాలు తెచ్చుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు. అయినా ఇరవై ఏళ్ళుగా విన్నాను. విని విని ఒక సంగతి మాత్రం ఒప్పుకున్నాను. బావ ఊరికే చూసేవాడు కాదు, బాయిలో పైకప్పు పరీక్ష చేసినట్టు చూసేవాడు. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ డొల్లగా ఉందో తట్టి తట్టి చెప్పేవాడు.

గాలి లేనిచోట బాంబు పేలితే చప్పుడు రాదని ఆయనకు తెలుసు. అయినా క్షమించేవాడు. "చప్పుడు లేకపోతె జనం లేసిపోతరు. గది సినిమా వాని బాధ" అనేవాడు. క్షమించనివి వేరే ఉండేవి. అంతరిక్షంలో తిరిగేవాళ్ళ టోపీ లోపల, సరిగ్గా మొహం మీద వెలుతురు పడేలా బుగ్గలు, అంటే చిన్న బల్బులు, వెలుగుతుంటాయట. ఆయనకు ఒళ్ళు మండేది. "మొహం మీద లైటేసుకుంటె ముంగట ఉన్నది కనవడతదారా? హీరో మొహం కనవడాలని వాని కండ్లు పోగొడుతున్రు." పెద్ద పెద్ద ఓడల్లో వందల మంది తిరుగుతుంటారు కానీ ఊడ్చేవాడు ఒక్కడూ కనపడడని ఇంకో ఫిర్యాదు. పది భాగాలుగా వచ్చిన ఒక సీరియల్‌ని ఆయన ఆరో భాగంలో వదిలేశాడు. ఎందుకంటే అందులో ఎవరూ అన్నం తినరు. మనవాళ్ళు తీసినవాటిలో పాట రాగానే తేలుతున్నవాళ్ళందరి కాళ్ళూ నేలకు ఆనుకుంటాయని నవ్వేవాడు. కాలంలో వెనక్కి పోయే కథలంటే అసలు గిట్టదు. వెనక్కి పోయి సరిదిద్దుకోగలిగినవాడికి భయం ఎందుకుంటుంది, భయం లేనివాడి కథ నేనెందుకు చూడాలి అనేవాడు.

అన్నిటికంటే పెద్ద కోపం చచ్చినవాణ్ణి తిరిగి లేపడం మీద. ఒక భాగంలో ఏడిపించి చంపుతారు, తర్వాతి భాగంలో ఏదో మందు పోసి, మీట నొక్కి లేపుతారు. "బాయిల పోయినోళ్ళు మల్ల అచ్చిన్రా సంపతూ? మరి గీళ్ళకే ఎట్ల అస్తది?" అని నన్ను నిలదీసేవాడు, ఆ సినిమాలు తీసింది నేనే అయినట్టు.

ఆయనకు ప్రాణమైన సినిమాల వరుస ఒకటుంది. తెలుగులో దానికి 'తొమ్మిదో కక్ష్య' అని పేరు పెట్టారు. ఎక్కడో ఒక చంద్రుడి మీద సొరంగాలు తవ్వి లోహం తీసే కూలీల కథ. వాళ్ళతోపాటు పనిచేసే ఒక మరమనిషి ఉంటాడు, నీలి కళ్ళవాడు. బావ వాడి గురించి మాట్లాడేటప్పుడు 'అది' అనడు, 'వాడు' అంటాడు. వాళ్ళూ వీళ్ళూ హీరోల పుట్టినరోజులు చేసుకున్నట్టు, బావ ఆ సినిమాల్లో కొత్త భాగం ఎప్పుడు వస్తుందా అని ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. నాలుగు భాగాలు వచ్చాయి. ఐదోది ఆఖరిదన్నారు.

ఆ ఐదోది రాకముందే ఆయన కళ్ళు పోవడం మొదలైంది.

మొదట బయటపడింది నా కిటికీ దగ్గరే. దీపం మసకగా ఉందని రోజూ పేచీ పెట్టేవాడు. మార్చి ఇచ్చేవాణ్ణి. అదీ మసకే అనేవాడు. అన్ని దీపాలూ బాగానే ఉన్నాయి, మిగతా ఎవరూ ఏమీ అనడం లేదు. వయసు మీద పడి చిరాకు పెరిగిందనుకున్నాను. ఒకసారి కిటికీ పక్కనే నిలబడి నేను పలకరిస్తే అటూ ఇటూ వెతుక్కున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. ఇంకోసారి సొంత క్వార్టర్ ముందున్న మురికినీళ్ళ మోరీలో కాలు వేసి పడ్డాడు. ఇన్నేళ్ళుగా దాటుతున్న మోరీ అది. అప్పుడు మా అక్క ఏడ్చి, మొత్తుకుని కరీంనగర్‌లో కళ్ళ డాక్టరుకు చూపించింది.

కంటి లోపలి పొర ఎండిపోతోందన్నాడు ఆ డాక్టరు. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కలు పోతాయి, నడిమిది మాత్రం చివరిదాకా నిలుస్తుంది. మందు లేదు. బావ నాకు తన మాటల్లో చెప్పాడు. "గొట్టం కంటికి పెట్టుకోని చూస్తె ఎట్లుంటది? గట్లుంది సంపతూ. గొట్టం ముంగట ఉన్నది మంచిగనే కనవడతది. గొట్టం బయట దునియానే లేదు." ఆ కళ్ళతోనే రోజూ కిందికి దిగి, పైకప్పుకు బోల్టులు బిగిస్తున్నాడు. పక్క నుంచి పెళ్ళ రాలితే చూడలేడు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. బొగ్గు ఊళ్ళలో పిల్లవాడికి కూడా తెలిసిన పద్ధతి. మనిషి పనికి బొత్తిగా పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే, ఆయన ఉద్యోగం కొడుక్కి వస్తుంది. అన్‌ఫిట్ అవడం అంటారు. అయితే ఆయనకింకా రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉండాలి. రెండేళ్ళకు ఒక్కరోజు తక్కువైనా కొడుక్కి ఏమీ రాదు. బావకు ఆ గడువు దగ్గర పడుతోంది. కొడుకు ప్రశాంత్ ఐటీఐ చదివి, ఓపెన్ కాస్ట్‌లో, అంటే నేల పైనుంచే తవ్వే బాయిలో, ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర నీళ్ళ ట్యాంకరు మీద పోతున్నాడు. వాడి పని ఇవాళ ఉంటే రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. పెళ్ళి సంబంధం వాళ్ళు వచ్చి, కంపెనీ నౌకరీయా, కాంట్రాక్టా అని అడిగి, చాయ్ తాగి పోతున్నారు. బావ అన్‌ఫిట్ అయితే వాడి బతుకు గట్టున పడుతుంది. కాకపోతే లేదు. అంతా ఆ బోర్డు చేతిలో ఉంది.

బోర్డును కూడా ఊరికే తిట్టలేను. రోగం లేకున్నా ఉన్నట్టు నటించే మొనగాళ్ళు మా దగ్గర తక్కువేం లేరు. చెవుడు వచ్చిందని బోర్డు ముందు నిలబడి, బయటికి వచ్చి ఫోన్లో గుసగుసలాడినవాణ్ణి నేనే చూశాను. అందుకని డాక్టర్లు ఎవరినీ నమ్మరు. నిజంగా చూపు పోతున్నవాడు కూడా అక్కడ చూపు పోతున్నట్టు నటించాల్సి వస్తుంది. మొదటిసారి పోయినప్పుడు బావను అటూ ఇటూ తిప్పి చూసి, రోగం ఉన్నమాట నిజమే కానీ ఎంత ఉందో తేలాలి, ఇంకోసారి పిలుస్తామన్నారు.

ఆ పిలుపు వచ్చేలోపు జాగ్రత్తగా ఉండమని అందరం చెప్పాం. ఒంటరిగా తిరగొద్దు, చౌరస్తాలో నిలబడి కబుర్లు పెట్టొద్దు, ఎవరి కంటా సినిమా హాలు దగ్గర పడొద్దు. మా అక్క టీవీ ముందు గది నుంచి లోపలి గదికి మార్చింది, దారిన పోయేవాళ్ళకు కనపడకుండా. బావ కంచం తీసుకుని ఆ గదిలోకి మారాడు. కొడుకు కోసం కదా.

సరిగ్గా అప్పుడే 'తొమ్మిదో కక్ష్య' ఆఖరి భాగం మా ఊరి హాలుకు వచ్చింది.

బావ నోరు తెరిచి అడగలేదు. అడిగి ఉంటే అక్క వద్దనేది, అక్కడితో అయిపోయేది. పోస్టరు గురించి కూడా మాట్లాడకుండా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ప్రశాంత్ చూడలేకపోయాడు. "మల్ల ఎప్పుడు చూస్తడో ఏమో, గీ ఒక్కటి చూడనియ్యి అవ్వా" అని తల్లిని ఒప్పించి, మధ్యాహ్నం ఆటకు తీసుకుపోయాడు. చీకట్లో మెట్ల మీద తండ్రి చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ చెప్పుకుంటూ ఎక్కించాడట. అందరూ మధ్యలో సీట్లు వెతుక్కుంటే, బావ గోడకు ఆనుకున్న చివరి వరుసలో కూర్చున్నాడు. అంత వెనక కూర్చుంటేనే తెర మొత్తం ఆయన గొట్టంలో పడుతుంది. ముందు కూర్చుంటే హీరో ముక్కు మాత్రమే కనపడుతుంది. పక్కనున్న కొడుకు కనపడడు, ముందు సీటు కనపడదు, తెర మాత్రం అంచు నుంచి అంచుదాకా కనపడుతుంది. ప్రశాంత్ తర్వాత నాతో అన్నాడు, రెండున్నర గంటలూ బాపు కన్ను ఆర్పలేదు మామా అని.

ఆట విడిచాక ప్రశాంత్ బండి తీసుకురావడానికి పోయాడు. తండ్రిని గేటు పక్కన గోడకు ఆనించి నిలబెట్టి, ఇక్కడ్నే ఉండు బాపు అని చెప్పి పోయాడు.

మా ఊళ్ళో సంధ్యారాణి అని ఒక అమ్మాయి యూట్యూబ్ చానెల్ నడుపుతుంది. కొత్త సినిమా వస్తే హాలు గేటు దగ్గర ఫోనూ మైకూ పట్టుకుని, బయటికి వచ్చేవాళ్ళను సినిమా ఎలా ఉందని అడుగుతుంది. జనం మీద పడి ఈలలు వేసి చెబుతారు. ఆ రోజు వచ్చిన జనం తక్కువ, వచ్చినవాళ్ళూ బాగుంది అని ఒక్కమాట అనేసి పోతున్నారు. గోడకు ఆనుకున్న పెద్దమనిషి కనిపించాడు. "కాకా, సినిమా ఎట్లుంది?" అని మైకు పెట్టింది.

ఇరవై ఏళ్ళుగా బామ్మర్ది ఒక్కడికే అభిప్రాయం చెప్పుకున్న మనిషి. మైకు పెట్టి మరీ అడిగినవాళ్ళు ఆయన బతుకులో ఎవరూ లేరు. నేనైతే ఆయన్ని తప్పు పట్టను. తప్పు పట్టినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళకు ఎప్పుడూ ఎవరో ఒకరు మైకు పెడుతూనే ఉంటారు.

ఆ వీడియో నేను ల్యాంపు రూంలో చూశాను. షిఫ్టు మారే వేళ, కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డవాళ్ళందరి ఫోన్లలో మా బావ గొంతే.

"సినిమా బాగున్నది బిడ్డా. ఎందుకు బాగున్నదంటె, చచ్చినోడు చచ్చిండు. ఇన్నాళ్ళు ఎవ్వలు చచ్చినా అర్ధగంటల లేపుతుండిరి. గిప్పుడు గా మరమనిషి తలుపు బయటికెంచి మూసి, లోపటోళ్ళను బతికిచ్చి, తను ఆడనే ఆగిపోయిండు. మొహం మీద మంచు పేరుతది సూడు, ముందుగాల ఎడమ కన్ను మీద, తర్వాత కుడి కన్ను మీద. మాట లేదు, పాట లేదు. గా సీను తీసినోనికి దండం పెట్టాలె. తప్పులు గూడ ఉన్నయ్. సొరంగంల పెద్ద దిమ్మెలు నిలవెట్టిన్రు గని, మీద చెక్క పెట్టలే. చెక్క లేకపోతె గవి నిలుస్తయా? ఇంకోటి, టోపీ లోపటి బుగ్గలు. అయిదు సినిమాలాయె, ఇంకా తియ్యలే."

ఆ వీడియో కింద నవ్వులు, దండాలు, ఈ కాకను డైరెక్టరుకు చూపించండి అనే మాటలు. ఊరంతా మురిసిపోయింది. నేను తల పట్టుకున్నాను. అందులో మా బావ కళ్ళు నిటారుగా, తేటగా, అన్నీ చూసినవాడి కళ్ళలా ఉన్నాయి. ప్రశాంత్ పోయి బతిమాలితే సంధ్యారాణి పాపం వెంటనే తీసేసింది. ఆమెకేం తెలుసు. కానీ అప్పటికే అది చేతులు మారింది. ఎవడో దాన్ని బోర్డుకు చేర్చాడు. ఎవడో నాకు అనుమానం ఉంది, చెప్పను. తన కేసు కొట్టేస్తే ఎదుటివాడి కేసు కూడా కొట్టేయాలనుకునే మనుషులు మన మధ్యే తిరుగుతుంటారు, రోజూ నా కిటికీ దగ్గర దీపం తీసుకుంటారు.

పిలుపు వచ్చాక మా ఇంట్లో కూర్చున్నాం. బావ ఒకటే అన్నాడు. "ఉన్నదున్నట్టు చెప్త. గొట్టంల చూసిన అని చెప్త. అబద్ధమేమున్నది?"

"ఎవ్వలు నమ్ముతరు బావా?" అన్నాను. "చివరి వరుసల కూసున్నోనికి ఎడమ కన్ను మీద మంచు కనవడ్డది, పక్కన బొగ్గు టబ్బు కనవడదు అంటె నమ్ముతరా? నాకేం కనవడలే, పక్క సీట్ల పిలగాండ్లు మాట్లాడుకున్నది విన్న, అదే చెప్పిన అను. గంతే. ఇంకొక మాట వద్దు."

"చూసిన దాన్ని చూడలే అనాలె."

"నీ కొడుకు కోసం అను."

ప్రశాంత్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. బావ తల తిప్పి గొట్టంలోకి కొడుకు మొహాన్ని తెచ్చుకున్నాడు. "అంట" అన్నాడు.

బోర్డు కూర్చునే ఊరికి రైల్లో పోయాం. ఉద్యోగం ఆశించే కొడుకును లోపలికి రానివ్వరు కాబట్టి, ప్రశాంత్ బయట బెంచీ మీద ఉండిపోయాడు, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేను లోపలికి పోయాను. బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. నడిమి పెద్దాయన ఫోన్లో ఆ వీడియో పెట్టి, మొత్తం వినిపించాడు. మా బావ గొంతు ఆ గదిలో మోగుతుంటే, ఆయన తన గొంతునే శ్రద్ధగా విన్నాడు.

"ఇది మీరేనా?"

"నేనే సార్."

"మంచు ఏ కన్ను మీద ముందు పడిందో కూడా చెప్పారు. ఎలా కనిపించింది?"

"కనవడలే సార్. పక్క సీట్ల పిలగాండ్లు మాట్లాడుకుంటె విన్న. బయట గామె అడిగితె అదే చెప్పిన."

నేర్పిన మాట నేర్పినట్టే అప్పజెప్పాడు. పెద్ద డాక్టరు ఆయన్ని కాసేపు చూసి, వేళ్ళు చూపించి, దీపాలు చూపించి, ఏవో అడిగాడు. బావ సరిగ్గా జవాబులిచ్చాడు. చివరికి ఆయన కాగితం మీద కలం ఆనించి, "సరే, వెళ్ళండి" అన్నాడు. ఆ 'సరే'లో కొంచెం మెత్తదనం ఉంది. నేను విన్నాను. బావ చెయ్యి పట్టుకుని లేపాను. నాలుగడుగులు వేస్తే తలుపు.

కుడి చేతి వైపు కూర్చున్న కుర్ర డాక్టరు అప్పుడు మాట్లాడాడు. పక్కాయనతో మాట్లాడినట్టే మాట్లాడాడు. "నేనూ చూశానండీ ఆ సినిమా. ఆ మరమనిషి చావలేదు. చివర్లో మంచు వెనక నుంచి కన్ను ఒక్కసారి మెరుస్తుంది. వచ్చే భాగంలో లేస్తాడు చూడండి."

అది మా కోసం వేసిన వలో, లేక అతనూ సినిమా పిచ్చి ఉన్నవాడేనో, నాకు ఈరోజుకీ తెలియదు. నా చేతిలో బావ చెయ్యి బిగుసుకుంది. నేను ముందుకు లాగాను. ఆయన కదల్లేదు.

"మెరవలే సార్" అన్నాడు బావ.

నేను ఇంకా గట్టిగా లాగాను.

"గది కన్ను గాదు. ఎనక ఓడ ఇంజను అంటుకున్నది. గా మంట ఎలుతురు మంచు మీద పడ్డది. వాని కన్ను మెరిస్తె నీలంగ మెరవాలె, మొదటి సినిమా నుంచి గట్లనే ఉన్నది. ఇది పసుపుపచ్చగున్నది. వాడు చచ్చిపోయిండు సార్."

గదిలో ఎవరూ నవ్వలేదు. కుర్ర డాక్టరు కూడా తల దించుకున్నాడు. పెద్దాయన కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

బయట బెంచీ మీద నుంచి ప్రశాంత్ లేచి వచ్చాడు. ఏమన్నరు మామా అని నన్ను అడిగాడు. నా మొహం చూసి తండ్రి వైపు తిరిగాడు. జరిగింది నేనే చెప్పాను, బావ చెప్పే స్థితిలో లేడు. ప్రశాంత్ మెల్లగా అడిగాడు. "ఎందుకన్నవ్ బాపు?"

"తప్పు చెప్తుండు బిడ్డా ఆయన" అన్నాడు బావ.

బోర్డు తీర్పు వచ్చింది. భూమి కింద పనికి పనికిరాడు, భూమి పైన తేలిక పనికి పనికొస్తాడు. అంటే బావ ప్రాణానికి ఢోకా లేదు, ప్రశాంత్‌కు ఉద్యోగం లేదు. ఆయన్ని స్టోరు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చే పోయే సామాన్ల దగ్గర కాపలా. సగం సామాను ఆయనకు కనపడదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

మా అక్క టీవీ తీసి అటక మీద పెట్టించింది. "సచ్చిన బొమ్మ మనిషి కోసం బతికున్న కొడుకును ముంచిండు" అని నా దగ్గర ఒకసారి అంది. నాకూ కోపమే. బావ మీద కోపం, ఆ కుర్ర డాక్టరు మీద కోపం, వీడియో పంపినవాడి మీద కోపం. తిరిగి తిరిగి బావ దగ్గరికే వచ్చేది. ఒక్క మాట మింగితే ఏం పోయేది? నాలుగడుగులే కదా తలుపు. చూసింది చూడలేదని చెప్పగలిగినవాడు, చచ్చినవాణ్ణి బతికాడంటే మాత్రం ఊరుకోలేకపోయాడు. ఇది ఎంత ఆలోచించినా నాకు మింగుడు పడదు. అయినా ఆ మాట అనకుండా బయటికి వచ్చి ఉంటే, వచ్చింది మా బావే అయ్యేవాడా అని కూడా అనిపిస్తుంది. అనిపించిన రోజున కోపం ఇంకా పెరుగుతుంది.

ప్రశాంత్ అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ట్యాంకరు మీద ఏ షిఫ్టు చెబితే ఆ షిఫ్టుకు పోతున్నాడు. ఇంట్లో తండ్రితో అన్నం తిన్నవా, మందులేసుకున్నవా, ఈ రెండు మాటలే. సాయంత్రం డ్యూటీ దిగాక బావ నా కిటికీ దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. సినిమా ఊసు ఎత్తేవాడు కాదు. నా జన్మలో మొదటిసారి, ఏదో ఒక ఓడ గురించి, ఏదో ఒక దిక్కుమాలిన కెప్టెన్ గురించి చెప్తే బాగుండని నేను ఎదురుచూశాను. వానలెప్పుడు పడతాయో అడిగేవాడు.

గొట్టం మూసుకుపోవడానికి ఏడాది కూడా పట్టలేదు. నడిమి చూపు చివరిదాకా నిలుస్తుందని డాక్టరు చెప్పాడు కానీ, చివర ఇంత దగ్గర ఉందని చెప్పలేదు. ఒక పొద్దున స్టోరు దగ్గర ఆఫీసరు ఎదురుగా నిలబడి పలకరిస్తే, బావ ఎవరది అని అడిగాడు. ఈసారి మేమెవరం అర్జీ పెట్టలేదు. కంపెనీయే బోర్డుకు పంపింది.

మళ్ళీ అదే రైలు, అదే గది. కుర్ర డాక్టరు లేడు. వేరే ఊరికి మారాడట. పెద్దాయన టార్చి వేసి చూశాడు, ఇటు చూడమన్నాడు, అటు చూడమన్నాడు, టార్చి ఆర్పేశాడు. అంతా చాయ్ తాగినంతసేపట్లో అయిపోయింది. సినిమా సంగతి ఎవరూ అడగలేదు. పూర్తిగా అన్‌ఫిట్ అని అక్కడికక్కడే చెప్పారు. పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, సర్వీసు రెండేళ్ళకు తక్కువైంది కదా, కొడుక్కి రాదు, తెలుసు కదా అన్నాడు. తెలుసు అన్నాను. ఆయన మొహంలో జాలి ఉంది. ఆ జాలిని తీసుకుపోయి ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

తిరుగు రైల్లో బావను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు ప్రశాంత్. తను ఆయన పక్కన కూర్చున్నాడు, నేను ఎదురుగా. ఎండ బావ మొహం మీద పడుతోంది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప కూడా వేయడం లేదు. ఇన్నాళ్ళలో తండ్రీకొడుకులు ఇంతసేపు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం నేను చూడలేదు. చాలా స్టేషన్లు దాటాక ప్రశాంత్ తనంతట తానే మాట్లాడాడు.

"బాపు. తొమ్మిదో కక్ష్య మల్ల అచ్చింది. ఆఖరిది అన్నరు గదా, ఇంకోటి తీసిన్రు. నిన్న పోయిన."

బావ మొహం గొంతు వచ్చిన వైపు తిరిగింది. ఆ మొహంలోకి రక్తం రావడం నేను చూశాను. ఎప్పుడో నా కిటికీలో కనపడే మొహం అది.

"ఎట్లున్నది?" అన్నాడు.

ప్రశాంత్ తండ్రి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "తెల్వదు బాపు. సగంల లేచి పోయిన. డ్యూటీ ఉండె."

పొద్దున రైలెక్కేటప్పుడు స్టేషన్ గోడ మీద ఆ పోస్టరు నేను చూశాను, దాని మీద నీలి కళ్ళు వెలుగుతున్నాయి. బావ ఇంకేమీ అడగలేదు. మేం దిగే రామగుండం వచ్చేదాకా ఆ చెయ్యి అలాగే కొడుకు చేతిలో ఉంచి, తల వంచుకుని కూర్చున్నాడు.